నీళ్ళు లేని కొలనులో ఆఖరి షాట్

ఆ ఈతకొలనులో నీళ్ళు లేవు. ఎప్పుడో తోడేశారు. అయినా అందులో మనుషులు మునిగిపోతారని చెప్పుకుంటారు.

వినడానికి ఎంత తిక్కగా ఉందో నాకూ తెలుసు. నేనూ మొదట్లో నవ్వినదాన్నే. నీళ్ళే లేని చోట మునగడమేంటి, మాటకైనా ఒక తీరుండొద్దా అన్నాను. ఇప్పుడు నవ్వడం లేదు. ఎందుకో చెబుతాను. నాకు క్లుప్తంగా చెప్పడం రాదని మీకందరికీ తెలిసిందే కదా... చేతిలో పని చేసుకుంటూ వినండి, కానీ చివరిదాకా వినండి.

అదొక పాత క్లబ్బు బిల్డింగు. మూతపడి చాలా ఏళ్ళయింది. లోపల పెద్ద హాలు, హాలు మధ్యలో ఈతకొలను, పైన రేకుల కప్పు. ఒక వైపు లోతు తక్కువ, అక్కడ దిగడానికి మెట్లు. అక్కణ్ణించి నేల ఏటవాలుగా జారుకుంటూ పోయి అవతలి గోడ దగ్గర రెండు నిలువుల లోతవుతుంది. అంతా నీలం పలకలు. సగం ఊడిపోయాయి. మాట్లాడితే మాట తిరిగొస్తుంది... అదీ వెంటనే రాదు, కాస్త ఆలోచించుకుని వచ్చినట్టు వస్తుంది.

అక్కడ ఈత నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడట. గట్టి మనిషి. పిల్లలకి ఊపిరి బిగబట్టడం నేర్పాలని తల పట్టుకుని నీళ్ళల్లో అదిమి ఉంచేవాడట. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నా వదిలేవాడు కాదట. ఒకరోజు పొద్దున్నే తలుపు తీసేసరికి ఆ మాస్టారే... లోతు వైపు, అడుగున, బోర్లా.

ఈత నేర్పేవాడు మునిగిపోవడమేంటి?

ఎవరికీ తెలీదు. నీళ్ళు తోడేశారు, తాళం వేశారు. ఆ తర్వాత మొదలైంది చెడ్డపేరు. రాత్రిళ్ళు కొలను అడుగున ఎవరో నడుస్తున్నారని వాచ్‌మన్ అంటాడు. నడకంటే మన నడక కాదట. నీళ్ళల్లో నడిచినట్టు... కాలు తేల్చి తేల్చి, చేతులతో పక్కలకి తోసుకుంటూ. పొడి నేల మీద.

ఇదంతా విని మా తమ్ముడు భయపడాలా వద్దా? వాడి కళ్ళు మెరిశాయి.

"అక్కా, లొకేషన్ దొరికేసింది!" అన్నాడు.

మా తమ్ముడికి ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళి వీడియోలు. కానీ మనసంతా సినిమా మీదే. అదీ ఏ సినిమా... ముసుగేసుకున్నవాడు ఒకడు కత్తి పట్టుకుని ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే పాత సినిమాలుండేవి చూశారా, అవి. చిన్నప్పుడు క్యాసెట్లు అద్దెకి తెచ్చి, అమ్మానాన్నా పడుకున్నాక దుప్పటి కప్పుకుని చూసేవాళ్ళం. నేను కళ్ళు మూసుకునేదాన్ని. వాడు నా వేళ్ళు విడదీసి మరీ చూపించేవాడు, వెధవ.

"ఆ సినిమాలకి దణ్ణం పెట్టినట్టు ఒక్కటి తీస్తానక్కా" అనేవాడు. వాటిలో ఉన్న నియమాలన్నీ వాడికి కంఠతా వచ్చు. హంతకుడు మాట్లాడకూడదు. పరిగెత్తకూడదు... నడవాలి. ఎదుటివాళ్ళు ఎంత పరిగెత్తినా వాడు నడుచుకుంటూనే వచ్చి అందుకోవాలి. చివరికి ఒక్క అమ్మాయి మిగలాలి. ఆ అమ్మాయి అరుపు బాగుంటే సినిమా బాగున్నట్టే.

చేతిలో డబ్బుల్లేవు కాబట్టి ఆ చివరి అమ్మాయి మా మరదలే అయింది. వాడి భార్య. టైలరింగ్ చేస్తుంది, నెమ్మదస్తురాలు, నోట్లోంచి గట్టిగా మాటే రాదు. అరవమంటే మొదట్లో దగ్గేది పాపం.

"కుట్టుమిషన్ ముందు కూర్చునేదాన్ని కెమెరా ముందు కూర్చోబెట్టారొదినా" అని నవ్వేది. "సరేలే... ఇది కూడా ఆయన చేతిలోంచి జారిపోతే మనిషి మిగలడు. అందుకే ఒప్పుకున్నాను."

అదీ తన లెక్క. సినిమా కోసం కాదు, మొగుడి కోసం.

చచ్చిపోయే పాత్రలకి మాత్రం కొదవ లేదు. స్టూడియోకి ఫోటో దిగడానికొచ్చిన వాళ్ళందర్నీ వరసగా చంపేశాడు. మా ఆయన కూడా చచ్చాడు, సినిమా మొదలైన కాసేపటికే. ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. రక్తమేమో పంచదార పాకంలో ఎర్ర రంగు. షూటింగ్ అయ్యాక శవాలన్నీ చీమలు పట్టి లేచి పరిగెత్తేవి.

అసలు టీమంటే నలుగురే. కెమెరా, డైరెక్షన్ మా తమ్ముడు. హీరోయిన్ మరదలు. లైట్లు చూసేవాడు ఒక ఎలక్ట్రీషియన్, వాణ్ణి 'కరెంటు' అని పిలిచేవాళ్ళు. నాలుగో మనిషి పౌడర్ బాబాయ్.

పౌడర్ బాబాయ్ గురించి చెప్పాలి. నాటకాల్లో మేకప్ వేసి వేసి తల నెరిసిన మనిషి. చీమని కూడా ఊదుతాడే గానీ నలపడు. హంతకుడి మాస్కు ఆయనే చేశాడు. అచ్చు తీయడానికి వేరే మొహం దొరక్క మా తమ్ముడి మొహం మీదే తీశాడు. అందుకే ఆ హంతకుడికి మా ఇంటి ముక్కు వచ్చింది. నవ్వీ నవ్వని మూతి, కళ్ళ దగ్గర రెండు బొక్కలు. దాని కింద నల్ల రెయిన్‌కోటు, కాళ్ళదాకా.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా వినండి. ఆ మాస్కు ఫలానా వాళ్ళే వేసుకోవాలని ఏమీ లేదు. లోపల ఎవరున్నారో కెమెరాకి తెలీదు కదా... ఆ పూట ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వేసుకునేవాళ్ళు. ఒకసారి కరెంటు, ఒకసారి మా తమ్ముడు, ఎక్కువసార్లు బాబాయ్. మరదలు కూడా వేసుకుంది. అద్దంలో తన వెనకే హంతకుడు నిలబడే షాట్‌కి, ఎదురుగా తను ఒకసారి, మాస్కులో తను ఒకసారి.

"నన్ను నేనే పొడుచుకున్నానొదినా. ఏ పనికైనా ఇంకొకరి మీద ఆధారపడను నేను" అంది.

అంతా నవ్వుకున్నాం.

ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. హీరోయిన్ ఎలాగూ "వద్దు, వదులు, కాపాడండి" అని అరుస్తుంది, అవన్నీ డైలాగులే. మరి నిజంగా దెబ్బ తగిలితే? అందుకని మరదలు అడిగి మరీ ఒక గుర్తు పెట్టుకుంది. అరచేత్తో నేల మీద ఆపకుండా కొడితే... నటన కాదు, నిజం. వెంటనే ఆపెయ్యాలి. ఆపమనే హక్కు మాత్రం మా తమ్ముడిదే. వాడు కట్ అంటేనే ఎవరైనా కదలాలి.

ఆఖరి షాట్ ఆ కొలనులో. ఒక్క రాత్రికి వాచ్‌మన్ ఒప్పుకున్నాడు, అదీ తాళంచెవి ఇచ్చేసి తను లోపలికి రానని చెప్పి. చుట్టుపక్కల ఇళ్ళకి మరదలే వెళ్ళి చెప్పొచ్చింది. "ఈ రాత్రి అరుపులు వినిపిస్తాయండీ, సినిమా షూటింగు, కంగారు పడకండి" అని.

తన అరుపులు ఎవరూ పట్టించుకోవద్దని తనే ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది... చూడండి.

నేను వెళ్ళలేదు. మా తమ్ముడు చెప్పిందీ, కరెంటు చెప్పిందీ, మరదలు తేరుకున్నాక చెప్పిందీ... అన్నీ కలుపుకుని చెబుతున్నాను.

కెమెరా కొలను లోపలే, లోతు తక్కువ వైపు, స్టాండు మీద. దాని వెనక మా తమ్ముడు. మరదలు ఏటవాలు నేల మీద బోర్లా పడి, కెమెరా వైపు పాక్కుంటూ రావాలి. తన వెనక లోతంతా చీకటి. ఆ చీకట్లోంచి హంతకుడు నడుచుకుంటూ వచ్చి, తల పట్టుకుని నేలకి అదమాలి. తను విడిపించుకోవాలి. అంతే.

పైనుంచి దూకడానికి కట్టిన ఎత్తు దిమ్మ ఒకటుంది. దాని మీద లైటు పట్టుకుని కరెంటు. ఆ వెలుగు మరదలి ఒక్కదాని మీదే. మిగతాదంతా నలుపు. లైటు వెనక ఉన్నవాడికి కింద ఏమీ సరిగ్గా ఆనదట.

పౌడర్ బాబాయ్ మాస్కు వేసుకోవడానికి బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళాడు. అది లోతు వైపు, పక్కనే. రెయిన్‌కోటు, మాస్కు ఆ గదిలో మేకుకి తగిలించి ఉన్నాయి.

"బాబాయ్, రెడీయేనా?" అని తమ్ముడు కేకేశాడు.

గదిలోంచి జవాబు రాలేదు. కానీ... చీకట్లో, కొలను చివర, నిచ్చెన దగ్గర... నల్లగా ఒక ఆకారం దిగుతూ కనిపించింది.

"సరే. రోలింగ్."

మరదలు పాకడం మొదలుపెట్టింది. అరిచింది. హాలంతా అరుపు తిరిగింది.

వెనక అడుగులు.

నెమ్మదిగా... కాలు తేల్చి తేల్చి. చేతులు పక్కలకి తోసుకుంటూ.

దిమ్మ మీద కరెంటు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నడక వరకే లీలగా తెలుస్తోందట. "ఏం నడకండీ అది! ముసలాయనలో ఇంత విద్య ఉందా అనుకున్నాను. గాలి చిక్కబడిపోయినట్టు, దాన్ని తోసుకుంటూ వస్తున్నట్టు నడిచాడు" అన్నాడు నాతో.

మరదలికి ముందు వాసన వచ్చిందట. నిలవ నీళ్ళ వాసన. తర్వాత చలి. అరికాళ్ళ దగ్గర మొదలై... మోకాళ్ళు, నడుం, మెడ. ఎవరో కుళాయి విప్పినట్టు పైకి ఎక్కుతోంది.

తలకి చేతులు తగిలాయి.

"బాబాయ్ చేతులు కావొదినా" అని తర్వాత నాతో అంది. "బాబాయ్ చేతులు నాకు తెలుసు, రోజూ మొహానికి రంగు పూసే చేతులు. ఇవి... చాలాసేపు నానిన చేతులు. ముడతలు పడి, మెత్తగా."

మొహం నేలకి ఆనింది. పొడి పలక. దుమ్ము. కానీ ఊపిరి పీలిస్తే...

గాలి రాలేదు. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళొచ్చాయి. లోపలికి.

అరవబోయింది. అరుపు బుడగలైపోయింది.

అప్పుడు చెయ్యి చాపింది. నేల మీద కొట్టింది. కొట్టింది... కొట్టింది... అరచెయ్యి వాచిపోయేలా కొట్టింది. కెమెరాకేసి చూస్తూనే కొట్టింది. ఎంతసేపో తనకి తెలీదు. తర్వాత ఏమీ తెలీదు.

"కట్!"

ఆ కేక విని కరెంటు లైటు తిప్పాడు. గబగబా దిగి వచ్చేసరికి మరదలు వెల్లకిలా పడి ఉంది. మా తమ్ముడు చెంపలు కొడుతున్నాడు. పౌడర్ బాబాయ్ కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దుతున్నాడు. పక్కనే రెయిన్‌కోటూ, మాస్కూ కుప్పగా పడి ఉన్నాయి. కోటులోంచి నీళ్ళు కారుతున్నాయి.

మరదలు దగ్గింది. ఒక్కసారిగా కక్కింది. నీళ్ళు... పాచి రంగు నీళ్ళు. ఆ హాల్లో తాగడానికి కూడా సీసాడు నీళ్ళకంటే ఎక్కువ లేవు.

మా తమ్ముడు లేచి బాబాయ్ కాలరు పట్టుకున్నాడు.

"చంపేసేవాడివి కదయ్యా! నటించమంటే నిజంగానే నొక్కుతావా?"

బాబాయ్ వాడి మొహంలోకి చూశాడట.

"నేనా... అబ్బాయ్?" అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకెవరు? ఇక్కడ ఇంకెవరున్నారు?"

బాబాయ్ తన రంగుల పెట్టె సర్దుకున్నాడు. మరదలి తల మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, డాక్టరు దగ్గరకి వెళ్ళు ముందు" అన్నాడు. వెళ్ళిపోయాడు.

కరెంటు మెల్లగా చెవిలో అన్నాడట. "గురూ... కోటు తడిసి ముద్దయింది. బాబాయ్ చొక్కా మాత్రం పొడిగానే ఉంది, చూశావా?"

"నోర్మూసుకుని వైర్లు చుట్టు" అన్నాడు మా తమ్ముడు.

ఆస్పత్రిలో ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఎక్కడ మునిగిందని అడిగారు. ఏం చెబుతాం? కుళాయి కింద తల పెట్టి స్నానం చేస్తుంటే కళ్ళు తిరిగాయని చెప్పాం. మెడ వెనక అయిదు వేళ్ళ గుర్తులు. నేను కళ్ళారా చూశాను. నీలంగా, పొడుగ్గా.

నేను తమ్ముణ్ణి నిలదీశాను. వాడు ఏడ్చాడు. నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాడు.

"చిన్న తెరలో చూస్తున్నానక్కా. చెయ్యి కొట్టడం కనపడలేదు. తెలిసిన క్షణమే కట్ అని అరిచి పరిగెత్తాను. నేనే లాగాను దాన్ని ఆ ముసలాడి చేతుల్లోంచి. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే..."

నమ్మాను. తోడబుట్టినవాడు, ఎందుకు నమ్మను? అందరం నమ్మాం. పౌడర్ బాబాయ్‌కి మతి చెడిందన్నారు. ముసలాడు ముసుగేసుకుంటే ఏదో పూనుతుందన్నారు. మేకప్‌కి పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు. రోడ్డు మీద ఎదురైతే పిల్లల్ని వెనక్కి లాక్కునేవాళ్ళు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. మా ఆయన ఒకసారి గట్టిగా అడిగితే, "అబ్బాయినే అడగండి బాబూ" అని పక్కకి తప్పుకున్నాడట.

మరదలు మాత్రం నమ్మలేదు. "బాబాయ్ కాదొదినా" అంటుంది. "మరి ఎవరే?" అంటే లేచి కుట్టుమిషన్ దగ్గరకి వెళ్ళిపోతుంది. మొగుడు "నువ్వు షాకులో ఉన్నావ్, నీకేం గుర్తుంటుంది" అంటాడు. తను ఒక్కటే అడిగేది అతన్ని... దయ్యం గురించి కాదు.

"నేను కొడుతుంటే మీకు నిజంగా కనపడలేదా?"

"లేదే. నీ మీద ఒట్టు."

"మీరు చెప్తే చాలు" అనేది. ఆ మాట మీదే లేచి తిరగ్గలిగింది. ఆ కొలనులో తన మీద చెయ్యి వేసింది ఏదైనా కానీ... మొగుడు చూడలేదు, చూడగానే పరిగెత్తుకొచ్చాడు. అది ఒక్కటి నిజమైతే చాలు తనకి.

సినిమా పూర్తయింది. డబ్బింగ్ మిగిలింది. స్టూడియో అద్దె ఎవరిస్తారు... మా ఇంట్లో దుప్పట్లు పెట్టుకునే పెద్ద అల్మరా ఉంది కదా, అందులోనే. చుట్టూ పరుపులు, దుప్పట్లు వేలాడదీస్తే బయట చప్పుడు లోపలికి రాదు. మైకు లోపల. కంప్యూటరు బయట డైనింగు టేబుల్ మీద, తమ్ముడి దగ్గర. తలుపు సందులోంచి వైరు.

ఆ రాత్రి అరిచిన అరుపే చాలా గొప్పగా వచ్చిందట. కానీ మొదట్లో లైటు గుయ్యిమన్న చప్పుడు పడిందని, ఆ చిన్న ముక్క వరకూ మళ్ళీ అరవాలన్నాడు.

"నేను ప్లే చేసింది విను, ఆపగానే అదే ఊపులో అరవాలి. అంతే" అన్నాడు. నిమిషం పని.

మరదలికి ఆ రాత్రి తర్వాత మూసిన చోట ఊపిరాడదు. అందుకని నేనూ అల్మరాలో దూరాను, తోడు. ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. ఇయర్‌ఫోన్స్ ఒక్కటే జత. చెరో చెవిలో ఒకటి పెట్టుకున్నాం.

"నవ్వొస్తోందొదినా" అంది. "దొంగల్లా ఉన్నాం."

బయట్నుంచి తమ్ముడు, "ప్లే చేస్తున్నా" అన్నాడు.

వచ్చింది. హాలు చప్పుడు. అరుపు. ఆ అరుపు వినగానే మరదలు నా మణికట్టు పట్టుకుంది.

అక్కడ ఆపాలి వాడు. అదే సమయానికి బయట ఫోను మోగింది. సినిమా కొంటానన్న మనిషే కాబోలు... "నమస్తే సార్, చెప్పండి సార్" అంటూ వాడు బాల్కనీలోకి వెళ్ళడం వినిపించింది.

ఆపడం మర్చిపోయాడు.

మా చెవుల్లో ఆ రాత్రి సాగుతూనే ఉంది.

అడుగులు... తేలుతున్నట్టు. తర్వాత ఏదో నేలకి ఆనిన చప్పుడు. తర్వాత గుడగుడమని... ఆ చప్పుడు నేను మళ్ళీ చెప్పలేను. ఆ తర్వాత చప్... చప్... చప్... అరచెయ్యి పలక మీద. కెమెరా మైకుకి ఎంత దగ్గరగా ఉందంటే, నా చెంప మీద కొట్టినట్టుంది.

అప్పుడు ఒక మాట. కెమెరా పక్కనే. గుసగుసగా.

"అబ్బాయ్... మేకు మీద కోటు లేదు. నేను ఇక్కడున్నాను... మరి అక్కడెవరు?"

పౌడర్ బాబాయ్ గొంతు.

చప్... చప్... చప్...

"అబ్బాయ్! అమ్మాయి చెయ్యి చూడు..."

ఆ తర్వాత మా తమ్ముడి గొంతు. మెల్లగా, విసుగ్గా.

"ష్‌... చూస్తున్నా. ఉండవయ్యా, బ్రహ్మాండంగా వస్తోంది."

నేను మరదలి మొహం చూడలేకపోయాను. అల్మరాలో చీకటి, అది ఒక్కటే మేలు. నా చెవిలోంచి ఆ ఇయర్‌ఫోన్ పీకేద్దామనుకున్నాను. నా మణికట్టు తన పట్టులో బిగిసి ఉంది.

ఏదో పెనుగులాట, గుడ్డ చిరిగినట్టు. "నేను వెళ్తాను, వదులు అబ్బాయ్" అని బాబాయ్. "ఫ్రేములోకి వెళ్ళావంటే చంపేస్తా" అని వీడు.

చప్... చప్...

చప్.

ఇంక లేదు. చెయ్యి ఆగిపోయింది. గుడగుడ కూడా ఆగింది. అయినా రికార్డింగు నడుస్తూనే ఉంది. వాడి ఊపిరి వినిపిస్తోంది, మైకు దగ్గర. హాయిగా పీల్చి వదులుతున్నాడు.

చాలాసేపటికి ఒక చప్పుడు. బరువుగా, తడిగుడ్డ నేల మీద జారినట్టు. ఆ వెంటనే మరదలి గొంతులోంచి చిన్నగా... గాలి. ఒక్క గుక్క.

అంటే, మరదలి తల మీంచి ఆ చేతులు లేచిపోయాయన్నమాట. ఎవరూ ఆపమనకుండానే. ఎవరూ లాగకుండానే. దాని మానాన అదే వదిలిపెట్టి వెళ్ళిపోయింది.

అడుగులు దూరమయ్యాయి... కాలు తేల్చి తేల్చి. పూర్తిగా వినపడకుండా పోయాయి.

ఆ తర్వాత... అప్పుడు అన్నాడు మా తమ్ముడు.

"కట్."

రికార్డింగు అక్కడితో అయిపోయింది. మరదలు నా మణికట్టు వదల్లేదు. ఏడవలేదు. ఊపిరి మాత్రం గట్టిగా తీసుకుంటోంది, ఒకటి తర్వాత ఒకటి.

బాల్కనీ తలుపు వేసిన చప్పుడైంది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. అల్మరా తలుపు మీద వేలితో టకటకా కొట్టాడు. మంచి హుషారుగా ఉంది వాడి గొంతు.

"సారీ సారీ, ఫోనొచ్చింది. రెడీయేనా? ఇక అరిచెయ్."